శిబిరము ముగిసిన మరునాడు

వినాయక చవితి పందిళ్ళు వెలసిన నాటి నుండి ఉగాది వరకు మన ఉపనగరములలో సందడికి కొదువ ఉండదు. హైదరాబాదు చుట్టూ పెరిగిన ఏ కాలనీకి వెళ్ళినా, ప్రవేశద్వారము వద్ద ఫ్లెక్సీలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. ఒక ఆదివారము రక్తదాన శిబిరము, మరుసటి ఆదివారము ఉచిత వైద్య శిబిరము, ఆ తరువాత కంటి పరీక్షలు, ఆపైన ఒక సత్కార్యము కొరకు అయిదు కిలోమీటర్ల పరుగు. ఈ మధ్యలో ఎవరో ఒక పసిబిడ్డ చికిత్సకు విరాళములు కోరుతూ వాట్సాప్ సందేశము. అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినము, నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినము, డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినము. కార్యక్రమమునకు ఒక సందర్భము ఎప్పుడూ సిద్ధముగానే ఉంటుంది.

వీటిని తక్కువ చేసి మాట్లాడటము నా ఉద్దేశము కాదు. ఉపనగరములలో నివసించే వారిలో చాలామంది వేరు వేరు జిల్లాల నుండి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడినవారే. సొంత ఊరిలో అయితే ఆపదకు పెదనాన్న కుటుంబమో, మేనమామో పరుగున వస్తారు. ఇక్కడ ఆ స్థానమును కాలనీ సంక్షేమ సంఘము, కమ్యూనిటీ హాలు, పక్క ఫ్లాటువారు భర్తీ చేయాలి. సామూహిక కార్యక్రమములు ఆ బంధమును అల్లుతాయి. అవి ఉండాలి, ఇంకా పెరగాలి.

కాని వాటిని మనము కొలిచే కొలబద్దను మార్చాలన్నది నా అభిప్రాయము. ఎంతమంది వచ్చారు, ఎన్ని యూనిట్ల రక్తము సేకరించారు, ఎందరికి పరీక్షలు చేశారు, వేదికపై ఎవరు ఉన్నారు అని లెక్కలు వేస్తున్నాము. వైద్యుడిగా నాకు ఆ రోజు లెక్క కంటే మరునాటి లెక్క ముఖ్యము. శామియానా విప్పిన తరువాత ఎవరికి ఏమి మిగిలింది? రాబోయే నెలలలో మీ కాలనీలో జరిగే కార్యక్రమములను ఈ ప్రశ్నతో చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

రక్తదానము: జాతర కాదు, నిరంతర ధార

రక్తమును కర్మాగారములో తయారు చేయలేము, ఎక్కువకాలము నిల్వ చేయలేము. దానము చేసిన రక్తమును సాధారణముగా భాగములుగా వేరు చేస్తారు. ఎర్ర రక్తకణములు, వాటిని ఉంచే ద్రావకమును బట్టి, 35 నుండి 42 రోజులు నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులు మాత్రమే ఉంటాయి. ఘనీభవింపజేసిన ప్లాస్మా సుమారు ఒక సంవత్సరము ఉంటుంది. ఈ మూడు సంఖ్యలు గుర్తు పెట్టుకుంటే ‘మెగా’ శిబిరములలోని చిక్కు మీకే బోధపడుతుంది.

ఒక కాలనీలో రక్తమివ్వటానికి సిద్ధముగా ఉన్నవారు 200 మంది అనుకుందాము. ఒక ప్రముఖుని పుట్టినరోజున వారందరూ ఒకేసారి ఇచ్చారు. పత్రికలో ఛాయాచిత్రము వచ్చింది. అయిదు రోజులలో వాడుకోలేకపోయిన ప్లేట్‌లెట్లు వ్యర్థము. ఆరు వారములలో వాడని ఎర్రకణములు వ్యర్థము. ఆ 200 మందిలో పురుషులు మూడు నెలల వరకు, స్త్రీలు నాలుగు నెలల వరకు మళ్ళీ రక్తము ఇవ్వకూడదు. అంటే ఆ తరువాత రక్తము అవసరమైన రోగికి ఆ కాలనీలో దాత దొరకడు. అదే 200 మంది నాలుగు జట్లుగా, మూడు నెలలకు ఒక జట్టు చొప్పున ఇస్తే, సంవత్సరము పొడుగునా ధార తెగదు. దానము చేసిన రక్తము అంతే, కాపాడిన ప్రాణములు ఎక్కువ.

ఈ విషయము ఎందుకు అంత ముఖ్యమో తలసీమియా ఉన్న బిడ్డల తల్లిదండ్రులను అడగండి. తీవ్ర తలసీమియాతో పుట్టిన బిడ్డకు రెండు నుండి నాలుగు వారములకు ఒకసారి రక్తము ఎక్కించాలి. సంవత్సరమునకు 13 నుండి 26 సార్లు. ఆ బిడ్డకు పండుగలు లేవు, సెలవులు లేవు. ఏప్రిల్, మే నెలలలో కళాశాలలు మూసివేస్తారు, ఎండలకు శిబిరములు తగ్గిపోతాయి, రక్తనిధుల అరలు ఖాళీ అవుతాయి. ఆ నెలలలోనే తల్లిదండ్రులు చేతిలో చీటీ పట్టుకుని ఒక రక్తనిధి నుండి మరొక రక్తనిధికి తిరుగుతారు. ప్రసవములో రక్తస్రావమైన తల్లికి, రోడ్డు ప్రమాదములో గాయపడిన యువకునికి కూడా వేసవి వేరు, శీతకాలము వేరు కాదు.

‘పండుగ రోజైతేనే జనము వస్తారు, మామూలు రోజున పిలిస్తే ఎవరు వస్తారండీ?’ అని నిర్వాహకులు అంటారు. ఆ మాటలో కొంత నిజము ఉన్నది. అందుకు నా సూచన ఇది. పండుగ శిబిరమును ఆపవద్దు. కాని ఆ రోజు వచ్చినవారిలో కొందరి నుండే రక్తము తీసుకుని, మిగిలినవారి పేరు, రక్తవర్గము, ఫోను సంఖ్య వారి అనుమతితో ఒక పుస్తకములో వ్రాసుకోండి. ఎంత రక్తము కావాలో రక్తనిధి వైద్యులను ముందుగా అడిగి తెలుసుకోండి. పుస్తకములోని వారిని వేసవిలో వంతులవారీగా పిలవండి. ఒకసారి రక్తమిచ్చి, ఏ ఇబ్బందీ కలుగలేదని తెలుసుకున్న మనిషి రెండవసారి పిలిస్తే తప్పక వస్తాడు. పిలిచేవారే కరువు.

రెండవ విషయము బహుమతులు. శిరస్త్రాణములు, మిక్సీలు, లాటరీ చీటీలు ప్రకటించి దాతలను ఆకర్షించే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. ఇది ప్రమాదకరము. మన దేశములో రక్తవిక్రయమును నిషేధించటానికి బలమైన కారణము ఉన్నది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి, 1998 నుండి డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతి నిషిద్ధమైంది. డబ్బు కొరకు ఇచ్చేవాడు తన రోగములను దాస్తాడు. బహుమతి కొరకు ఇచ్చేవాడు కూడా అంతే. ప్రతి యూనిట్ రక్తమును హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియాలకు తప్పనిసరిగా పరీక్షిస్తారు. అయినా సూక్ష్మజీవి ప్రవేశించిన తొలి దినములలో ఏ పరీక్షకూ అది చిక్కకపోవచ్చును. ఆ వ్యవధిలో రోగిని కాపాడేది దాత చెప్పే నిజము ఒక్కటే. నిజము చెప్పి వెనుకకు మళ్ళే మనిషికి నష్టము కలిగించే ఏ ఏర్పాటూ ఉండకూడదు. ఒక ప్రశంసాపత్రము, ఒక పండ్లరసము, ఒక నమస్కారము చాలును.

మీరు దాత కాదలచుకుంటే ఈ ప్రమాణములు గుర్తుంచుకోండి. వయస్సు 18 నుండి 65 సంవత్సరముల మధ్య ఉండాలి. 60 దాటిన తరువాత మొదటిసారి దానము చేయరాదు. బరువు కనీసము 45 కిలోలు, హీమోగ్లోబిన్ కనీసము 12.5 గ్రాములు ఉండాలి. 350 మిల్లీలీటర్లు తీసుకుంటారు. బరువు 55 కిలోలు దాటితే 450 తీసుకోవచ్చును. ఉపవాసముతో వెళ్ళవద్దు. పచ్చబొట్టు పొడిపించుకుని సంవత్సరము కానివారు ఆగాలి. హీమోగ్లోబిన్ తక్కువ అని వెనుకకు పంపితే చిన్నతనముగా భావించవద్దు. మీకు తెలియని రక్తహీనత బయటపడిందని సంతోషించి, దాని కారణము తెలుసుకోండి.

ఉచిత వైద్య శిబిరము: సోమవారము ఎక్కడికి వెళ్ళాలి?

ఆదివారము ఉదయము పది గంటలకు బల్లలు వేస్తారు. రక్తపుపోటు చూస్తారు, వేలికొనపై సూది గుచ్చి చక్కెర చూస్తారు, అయిదు రోజులకు మాత్రలు ఇస్తారు. ఒక పెద్దాయనకు రక్తపుపోటు 170/100 వచ్చింది. చీటీ మీద వ్రాసి ఇచ్చారు. ఆ చీటీ ఇంటికి వెళ్ళి దేవుడి పటము వెనుక చేరుతుంది. అయిదు రోజులకు మాత్రలు అయిపోతాయి. తలనొప్పి లేదు, కళ్ళు తిరగటము లేదు, కనుక రోగము నయమైందని ఆయన అనుకుంటారు. రెండు సంవత్సరముల తరువాత ఆయన పక్షవాతముతో ఆసుపత్రికి వస్తారు. ఇటువంటివారిని నా వృత్తిజీవితములో లెక్కకు మించి చూశాను. వారిలో చాలామంది ‘ఎప్పుడో శిబిరములో చూశారండీ, కొంచెము ఎక్కువ ఉందన్నారు’ అని చెప్పినవారే.

ఇక్కడ రెండు వైద్య విషయములు చెప్పాలి. ఒకసారి చూసిన రక్తపుపోటుతో, అది మరీ ప్రమాదకర స్థాయిలో ఉంటే తప్ప, రోగనిర్ధారణ చేయరు. కనీసము మరొక రోజు, విశ్రాంతిగా కూర్చోబెట్టి చూసినప్పుడు కూడా 140/90 లేక అంతకు మించి ఉంటేనే అధిక రక్తపుపోటు అంటాము. మెట్లెక్కి వచ్చి, వరుసలో నిలబడి, చుట్టూ మైకు మ్రోగుతుండగా చూసినది నమ్మదగినది కాదు. అలాగే వేలికొన పరీక్ష ఒక సూచన మాత్రమే. పరగడుపున రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు లేక అంతకు మించి ఉన్నదా, హెచ్‌బీఏ1సీ 6.5 శాతము లేక అంతకు మించి ఉన్నదా అని ప్రయోగశాలలో చూసి, అవసరమైతే మళ్ళీ పరీక్షించి మధుమేహమును నిర్ధారిస్తారు. కనుక శిబిరము ఒక తలుపు తట్టటము వంటిది. తలుపు తెరిచినవారిని లోపలికి తీసుకువెళ్ళేవారు లేకపోతే ఆ తట్టటము వ్యర్థము.

ఆ లోపలి గది మనకు దగ్గరలోనే ఉన్నది. 30 సంవత్సరములు దాటినవారికి రక్తపుపోటు, మధుమేహములకు పరీక్షలు చేసి మందులు ఉచితముగా ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఉన్నది. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. శిబిరము జరిపే సంఘము ముందుగానే అక్కడి వైద్యాధికారితో మాట్లాడి, ఎక్కువ సంఖ్యలు వచ్చినవారి జాబితాను వారి అంగీకారముతో అప్పగించాలి. ఒక నెల తరువాత వారిలో ఎందరు వెళ్ళారో కనుక్కోవాలి. వెళ్ళనివారి ఇంటికి ఒక సభ్యుడు వెళ్ళి ‘రేపు నాతో రండి’ అని పిలవాలి. నెలకు ఒక సాయంత్రము చాలు ఈ పనికి.

ఒక పెద్ద ఆసుపత్రి ఉచితముగా శిబిరము నిర్వహిస్తామని వస్తే కాదనవద్దు. కాని ముందే ఒక మాట స్పష్టముగా మాట్లాడుకోండి. వచ్చిన ప్రతి వారికీ ‘సంపూర్ణ దేహ పరీక్షల’ రాయితీ పత్రము చేతిలో పెట్టటము వైద్యసేవ కాదు, అది వ్యాపార ప్రకటన. లక్షణములు లేని ఆరోగ్యవంతులకు గుంపుగా పరీక్షలు చేస్తే ఏదో ఒక అంకె గీత దాటుతుంది. దాని వెంట మరికొన్ని పరీక్షలు, భయము, ఖర్చు. ఎవరికి ఏ పరీక్ష అవసరమో వారి వయస్సును, లక్షణములను, కుటుంబ చరిత్రను బట్టి వైద్యుడు చెప్పాలి, రాయితీ పత్రము కాదు.

ఇంకొక ముఖ్య విషయము. శిబిరమునకు వచ్చేవారు ఎవరు? తరచుగా ఇంతకు ముందే వైద్యులను చూస్తున్నవారు. రానివారు ఎవరు? మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఆయన భార్య, పాచిపని చేసే స్త్రీలు, పక్క వీధిలో కడుతున్న భవనములో పనిచేసే కూలీలు. ఆదివారము ఉదయము పది గంటలకు వారు పనిలో ఉంటారు. లోపలికి రావచ్చునో లేదో అన్న సంకోచము కూడా ఉంటుంది. ఉదయము ఏడు గంటలకు కూలీల అడ్డా వద్ద, రాత్రి ఎనిమిది గంటలకు నిర్మాణస్థలము వద్ద బల్ల వేసి చూడండి. అక్కడ మొదటిసారి రక్తపుపోటు చూపించుకునేవారు కనిపిస్తారు. వారిలో ఒడిశా నుండి, ఉత్తరాది నుండి వచ్చినవారు ఉంటారు కనుక వారి భాష తెలిసిన ఒకరిని వెంట ఉంచుకోండి.

కంటి శిబిరము: పరీక్ష ఊరిలో, శస్త్రచికిత్స ఆసుపత్రిలో

కంటి విషయములో మన రాష్ట్రములకు మంచి అనుభవము ఉన్నది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ ఆరంభమై ఊరూరా కంటి పరీక్షలు జరిగాయి, కళ్ళజోళ్ళు ఇచ్చారు. కళ్ళజోడు ఒక్కటి చాలు, దర్జీ మళ్ళీ సూదిలో దారము ఎక్కించగలడు, బడిపిల్ల నల్లబల్ల చదువగలదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే కార్యక్రమము వేరొకటి అరుదు.

శుక్లముల శస్త్రచికిత్స విషయములో మాత్రము పట్టుదలగా ఉండాలి. ఒకప్పుడు బడిలోనో సత్రములోనో తాత్కాలికముగా శస్త్రచికిత్సలు చేసేవారు. సూక్ష్మజీవులు సోకి చూపు పూర్తిగా పోయిన విషాదములు దేశములో జరిగాయి. కనుక శిబిరములో పరీక్ష మాత్రమే జరగాలి. శస్త్రచికిత్స అన్ని వసతులు ఉన్న కంటి ఆసుపత్రిలో జరగాలి. మీ సంఘము విరాళములు సేకరిస్తే వాటిని వేదికకు కాక, వృద్ధులను ఆసుపత్రికి తీసుకువెళ్ళి తీసుకువచ్చే వాహనమునకు వెచ్చించండి. శస్త్రచికిత్స అయిన మరునాడు, వారము తరువాత, నెల తరువాత మళ్ళీ చూపించాలి. చుక్కల మందు వేయటానికి ఇంట్లో ఎవరూ లేని వృద్ధులకు పక్కింటివారు ఆ నాలుగు వారములు తోడు ఉంటే, అది వెయ్యి రూపాయల విరాళము కంటే గొప్ప దానము.

పరుగు: చెమట ఎవరిది, సొమ్ము ఎవరికి?

సత్కార్యము కొరకు నడక, పరుగు మన ఉపనగరములకు ఇటీవల వచ్చిన అలవాటు. తెల్లవారుజామున వందలమంది ఒకచోట చేరి పరుగెత్తటము చూడముచ్చటగా ఉంటుంది. అందులో నేను రెండు విషయములు అడుగుతాను.

మొదటిది లెక్క. 500 మంది తలకు 500 రూపాయలు చెల్లించారు అనుకుందాము. రెండున్నర లక్షలు వచ్చాయి. చొక్కాలు, పతకములు, వేదిక, శబ్దయంత్రములు, అల్పాహారము, ఫ్లెక్సీలకు రెండు లక్షలు అయితే, సత్కార్యమునకు మిగిలేది 50 వేలు. ప్రతి వంద రూపాయలలో ఇరవై మాత్రమే చేరాయి. పరుగు ఆనందము కొరకు అయితే ఆ ఖర్చు తప్పు కాదు. కాని ‘అనాథల కొరకు’, ‘కాన్సరు రోగుల కొరకు’ అని ప్రకటించినప్పుడు, రూపాయిలో ఎన్ని పైసలు వారికి చేరతాయో ముందే చెప్పటము ధర్మము. ఇంట్లో నాలుగు చొక్కాలు ఉన్నవానికి అయిదవ చొక్కా ఎందుకు? చొక్కా వద్దన్నవారి సొమ్ము నేరుగా కార్యమునకు వెళ్ళే వెసులుబాటు ఇవ్వండి. చాలామంది ఒప్పుకుంటారు.

రెండవది భద్రత. సంవత్సరమంతా కుర్చీలో కూర్చుని ఉద్యోగము చేసి, ఒక్క ఆదివారము మిత్రుల పందెమునకు పరుగెత్తే నలభై, యాభై ఏళ్ళవారి గురించి వైద్యునికి బెంగ ఉంటుంది. మధుమేహము, రక్తపుపోటు, ధూమపానము ఉన్నవారు, నడిచినప్పుడు ఛాతీలో బిగింపు కలిగేవారు వైద్యుని సంప్రదించకుండా పరుగెత్తవద్దు. రెండు మూడు నెలల ముందు నుండి నడకతో మొదలుపెట్టి క్రమముగా పెంచాలి. నిర్వాహకులు అంబులెన్సును సిద్ధముగా ఉంచాలి. మన రాష్ట్రములలో 108 సేవ 2005 నుండి ఉన్నది. కాని గుండె ఆగిన మనిషికి అంబులెన్సు వచ్చే వరకు గడిచే ప్రతి నిమిషము అమూల్యము. ఆ నిమిషములలో పక్కనున్నవారు ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు, కనీసము అయిదు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉంటే బ్రతికే అవకాశము పెరుగుతుంది. ఈ విద్యను ఒక పూటలో నేర్చుకోవచ్చును. పరుగునకు ముందురోజు సాయంత్రము కమ్యూనిటీ హాలులో ఈ శిక్షణ ఏర్పాటు చేస్తే, ఆ పరుగు వలన ఒక్క రూపాయి మిగలకపోయినా కాలనీ ఆస్తి పెరిగినట్లే.

ఒక బిడ్డ కొరకు విరాళము

అన్నిటికంటె సున్నితమైనది ఇది. 2021లో హైదరాబాదులో వెన్నెముక సంబంధిత కండర క్షీణతతో ఉన్న ఒక పసివానికి సుమారు 16 కోట్ల రూపాయల విలువైన జన్యుచికిత్స మందు, వేలమంది అపరిచితులు ఇచ్చిన చిన్న చిన్న విరాళములతో లభించింది. మనుష్యులలోని దయను శంకించేవారికి ఆ సంఘటన సమాధానము. అటువంటి విజ్ఞప్తి మీ ఫోనుకు వచ్చినప్పుడు మనస్సు కరగటము సహజము. కరగాలి కూడా. కాని కొన్ని ప్రశ్నలు అడగటము కాఠిన్యము కాదు.

ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా పత్రము ఉన్నదా? ఆ చికిత్స ప్రభుత్వ పథకములలో ఉన్నదేమో విచారించారా? తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. పథకములో చేరిన ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రలు ఉంటారు. ముఖ్యమంత్రి సహాయనిధి కూడా ఉన్నది. ఈ దారులు తెలియక, కంగారులో ఇల్లు తాకట్టు పెట్టినవారిని చూశాను. అటువంటి కుటుంబమునకు మీరు ఇచ్చే అయిదు వందల రూపాయల కంటే, వారితో ఆసుపత్రికి వెళ్ళి కాగితములు పూర్తి చేయించే ఒక పూట ఎక్కువ విలువైనది కావచ్చును.

విరాళము వ్యక్తుల ఖాతాకు కాక, వీలైనంత వరకు ఆసుపత్రిలో ఆ రోగి పేరిట ఉన్న ఖాతాకు పంపండి. సంస్థకు ఇస్తే రసీదు తీసుకోండి. రెండువేల రూపాయలు మించి నగదుగా ఇచ్చిన విరాళమునకు ఆదాయపు పన్నులో తగ్గింపు లభించదు. సొమ్ము మిగిలితే ఏమి చేస్తారో ముందే అడగండి. బిడ్డ గొట్టములతో ఉన్న ఛాయాచిత్రమును మరొక పదిమందికి పంపేముందు ఒక్క క్షణము ఆగండి. ఆ బిడ్డ రేపు కోలుకుని బడికి వెళ్తుంది. ఆ చిత్రము మాత్రము అంతర్జాలములో ఉండిపోతుంది.

మనలను కదిలించే ముఖము ఉన్న రోగికి సహాయము త్వరగా అందుతుంది. ముఖము కనబడని రోగులు మన పక్క వీధిలోనే ఉంటారు. తలసీమియా బిడ్డకు నెల నెలా కావలసింది కోట్లు కాదు, ఒక యూనిట్ రక్తము. ఆ వ్యాధిని ముందుగానే నివారించే మార్గము కూడా ఉన్నది. తల్లి, తండ్రి ఇద్దరూ ఈ లోపమును మోసేవారైతే ప్రతి గర్భములోను బిడ్డకు తీవ్రవ్యాధి కలిగే అవకాశము 25 శాతము. మోసేవారికి ఏ బాధా ఉండదు కనుక వారికి తెలియదు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో సాధారణముగా తెలుస్తుంది. కళాశాల విద్యార్థులకు, పెళ్ళి కావలసినవారికి, గర్భిణులకు తొలి నెలలలో ఈ పరీక్ష చేయించి, ఫలితమును గోప్యముగా ఉంచి వివరించే కార్యక్రమమును ఏ కాలనీ సంఘమైనా చేపట్టవచ్చును. దానికి ఛాయాచిత్రము ఉండదు, ఎందుకంటే దాని ఫలితము జబ్బు లేకుండా పుట్టిన బిడ్డ. ఆ బిడ్డ గురించి ఎవరూ వార్త వ్రాయరు.

ఒక సంవత్సరపు ప్రణాళిక

‘విమర్శ సులభము, ఏమి చేయమంటారో చెప్పండి’ అని మీరు అడగవచ్చును. మీ సంఘము వచ్చే సమావేశములో చర్చించటానికి నా సూచనలు ఇవి.

జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలలలో ఒక్కొక్క చిన్న రక్తదాన శిబిరము. లైసెన్సు ఉన్న రక్తనిధితోనే. ఏప్రిల్ శిబిరమును ఎట్టి పరిస్థితిలోను వదలవద్దు. శిబిరము తరువాత రెండు నెలలకు, సేకరించిన యూనిట్లలో ఎన్ని రోగులకు చేరాయి, ఎన్ని కాలము చెల్లాయి అని రక్తనిధిని అడిగి నోటీసు పలకపై వ్రాయండి.

కమ్యూనిటీ హాలులో వారమునకు ఒక గంట రక్తపుపోటు చూసే ఏర్పాటు. విశ్రాంత నర్సులు, వైద్యులు, ఫార్మసిస్టులు ప్రతి కాలనీలోను ఉంటారు. మమ్మల్ని పిలవండి. ఇంట్లో కూర్చుని వార్తలు చూడటము కంటే మాకు అదే ఇష్టము.

సంవత్సరమునకు రెండుసార్లు గుండె ఆగినవారికి ప్రథమ చికిత్స శిక్షణ. మొదట వాచ్‌మన్లకు, లిఫ్టు నడిపేవారికి, పాఠశాల బస్సు చోదకులకు. ఆపద వేళ ముందుగా అక్కడ ఉండేది వారే.

సంవత్సరమునకు ఒకసారి కంటి పరీక్షలు, ఒకసారి యువతకు తలసీమియా పరీక్షలు.

ప్రతి కార్యక్రమము ముగిసిన నెలలోపు జమాఖర్చుల పట్టిక. ఎంత వచ్చింది, ఎంత ఖర్చు, ఎంత చేరింది. నాలుగు వాక్యములు చాలును. లెక్క చూపిన సంఘమునకు మరుసటి ఏడు అడుగకుండానే విరాళములు వస్తాయి.

ఇందులో కష్టము లేదని అనను. శిబిరము ఒక రోజు ఉత్సాహముతో జరుగుతుంది, మరునాటి పని ఓపికతో జరగాలి. ఉత్సాహమునకు చప్పట్లు దొరుకుతాయి, ఓపికకు దొరకవు. ఫోను చేస్తే ఎత్తరు, వస్తానన్నవారు రారు, జాబితాలో సంఖ్యలు తప్పుగా ఉంటాయి. అయినా వైద్యములో నేను నేర్చుకున్న పాఠము ఒక్కటే. మందు వ్రాసిన వైద్యుని కంటే, ఆ మందు రోజూ వేసుకునేటట్లు చూసినవారే ఎక్కువ ప్రాణములు కాపాడుతారు.

ఈ ఏడు మీ కాలనీ ద్వారము వద్ద ఏ ఫ్లెక్సీ కనిపించినా, నిర్వాహకులను మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: ‘ఇది అయిపోయిన మరునాడు ఏమి చేయబోతున్నారు?’ వారి వద్ద సమాధానము ఉంటే మీ పేరు ఇవ్వండి, మీ సొమ్ము ఇవ్వండి, ఆరోగ్యముగా ఉంటే మీ రక్తము ఇవ్వండి. సమాధానము లేకపోతే విమర్శించి వెళ్ళిపోకండి. ఆ మరునాటి పని నేను చేస్తానని చెప్పి, ఆ జాబితా మీరు తీసుకోండి.